గడియారం బొమ్మ పట్టించిన జబ్బు

సైకియాట్రీ ఓపీలో అమ్మానాన్నలు "పోయిన నెల దాకా బాగానే ఉందండీ" అంటే నా చెవులు నిక్కబొడుచుకుంటాయి. వెంటనే ఫిట్స్ వచ్చాయా, మాట తగ్గిందా, ముందు జ్వరమేమైనా వచ్చిందా అని అడుగుతాను.

ఈ ప్రశ్నలు ఎందుకో ఒక కేసుతో చెబుతాను. 2009లో న్యూయార్క్ విలేకరి సుసానా కహలన్‌కి 24 ఏళ్లు. లేనిపోని అనుమానాలు, నిద్ర లేకపోవడం, ఆపై ఫిట్స్. స్కానింగులో ఏమీ తేలలేదు. డాక్టర్ సుహెల్ నజ్జార్ కాగితమిచ్చి గడియారం గీయమన్నారు. ఆమె అంకెలన్నిటినీ కుడి సగంలోనే కుక్కేసింది. మెదడు కుడివైపు వాచిందని ఆయనకు అర్థమైంది. ఒంటిని కాపాడాల్సిన యాంటీబాడీలే మెదడు కణాల మీది ఎన్‌ఎండీఏ రిసెప్టర్ల మీద పడే జబ్బిది. జోసెప్ డాల్మావు బృందం 2007లోనే దీన్ని గుర్తించింది.

యువతుల్లో ఎక్కువ, కొందరికి అండాశయంలో గడ్డ ఉంటుంది, దాన్నీ తీసేయాలి. ఎమ్మారై మామూలుగా వచ్చినా వదలకూడదు, వెన్ను నీరు తీసి యాంటీబాడీలు చూడాలి. స్టెరాయిడ్లు, ఇమ్యునోగ్లోబ్యులిన్ తొందరగా మొదలుపెడితే చాలామంది కోలుకుంటారు. గాలి సోకిందని తాయెత్తుల చుట్టూ తిరిగే వారాలు నన్ను నిజంగా బాధపెడతాయి.

పిల్ల మూతి తిప్పుతున్నా, కొయ్యబారినా ఫోన్లో వీడియో తీసి తీసుకురండి. ఓపీలో మా కళ్ల ముందు అవి కనిపించకపోవచ్చు.