1932 సెప్టెంబర్ 24: స్వీడన్‌లో కూలీల పార్టీకి ప్రభుత్వం, మనకు రిజర్వ్‌డ్ సీటు

1932 సెప్టెంబర్ 24న పూనా ఎరవాడ జైల్లో అంబేద్కర్ ఒక ఒప్పందం మీద సంతకం చేశారు. గాంధీ నిరాహార దీక్ష ఒత్తిడిలో ప్రత్యేక నియోజకవర్గాలను వదులుకుని ఉమ్మడి నియోజకవర్గాల్లో రిజర్వ్‌డ్ సీట్లకు ఒప్పుకోవాల్సి వచ్చిన రోజు అది. సరిగ్గా అదే రోజు స్టాక్‌హోంలో పెర్ ఆల్బిన్ హాన్సన్ ప్రధానిగా బాధ్యతలు తీసుకున్నారు. ఆయన పార్టీ సోషల్ డెమోక్రాట్లు, అంటే కార్మిక సంఘాల పార్టీ.

తేదీలు కలవడం కాకతాళీయమే. కానీ ఆ రోజు నుంచి రెండు దారులు ఎటు పోయాయో పక్కపక్కన పెట్టి చూస్తే, గోదావరి డెల్టాలో మనం తరచూ కలిపేసే రెండు ప్రశ్నలు విడిపోతాయి. సీటు ఎవరికి వచ్చింది అన్నది ఒక ప్రశ్న. పాలించిన పార్టీ ఎవరిది అన్నది ఇంకో ప్రశ్న.

ముందు స్వీడన్ సంగతి. అక్కడ పెద్ద భూస్వాముల ఎస్టేట్లలో 'స్టాటారె' అనే కూలీలు ఉండేవారు. ఏడాది ఒప్పందం, జీతంలో ఎక్కువ భాగం ధాన్యం, పాలు, ఉండటానికి ఒక గది. మగవాడు ఒప్పుకుంటే భార్య కూడా ఆవుల పాలు పితకాల్సిందే. మన డెల్టాలో పాలేరు అంటే తెలిసినవారికి ఇది విడమరిచి చెప్పనక్కర్లేదు. కులం లేదు కాబట్టి రెండూ ఒకటి కావు, అది మరిచిపోకూడదు. కానీ ఆ కూలీలు సంఘం పెట్టుకున్నారు, ఆ ఉద్యమానికి చెందిన పార్టీ ప్రభుత్వంలోకి వచ్చింది. 1945లో స్టాటారె పద్ధతి రద్దయింది.

1932 ఎన్నికల్లో హాన్సన్ పార్టీకి వచ్చింది 41.7 శాతం ఓట్లు. మెజారిటీ లేదు. అందుకని 1933లో రైతుల పార్టీతో బేరం కుదుర్చుకుంది: పంటల ధరలకు ప్రభుత్వ రక్షణ ఇస్తాం, నిరుద్యోగులకు ప్రభుత్వ పనులు, న్యాయమైన కూలి ఇవ్వడానికి మీరు ఒప్పుకోండి. స్వీడన్ వాళ్లు దాన్ని ఎగతాళిగా 'ఆవుల బేరం' అన్నారు. ఎగతాళి ఎలా ఉన్నా, అందులో కూలీలు ఒక పక్షం. వాళ్ల తరఫున మాట్లాడింది వాళ్ల పార్టీయే. 1936 వేసవిలో కొన్ని నెలలు తప్ప 1976 దాకా ఆ పార్టీయే ప్రభుత్వాన్ని నడిపింది. ఒక్క టాగె ఎర్లాండరే 1946 నుంచి 1969 వరకు ప్రధాని.

సెమినార్లలో నార్డిక్ దేశాల పేరు రాగానే కొందరు చేతులు జోడించినంత పని చేస్తారు. అదే ప్రభుత్వాల కాలంలో, 1934 నాటి చట్టం కింద, పేదలకూ సమాజం చిన్నచూపు చూసినవారికీ బలవంతపు కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు జరిగాయి. 1970ల మధ్య వరకు అది ఆగలేదు. మనం తీసుకోవాల్సింది ఆరాధన కాదు, అక్కడి యంత్రాంగం ఎలా పనిచేసిందన్న అవగాహన.

ఆ యంత్రాంగంలో కీలకం దామాషా ఎన్నికలు. పార్టీకి ఎంత శాతం ఓట్లొస్తే దాదాపు అన్ని సీట్లు. ఇప్పుడు మన దగ్గర 1955 చూడండి. ఆంధ్ర రాష్ట్ర మధ్యంతర ఎన్నికల్లో కమ్యూనిస్టు పార్టీకి దాదాపు 31 శాతం ఓట్లు పడ్డాయి. కృష్ణా, గోదావరి డెల్టాల్లో వ్యవసాయ కూలీల ఓటు అందులో పెద్ద భాగం. 196 స్థానాల సభలో వచ్చినవి 15 సీట్లు. స్వీడన్ లెక్కన అయితే 60 వచ్చేవి. ఆ పార్టీ నాయకత్వం ఎక్కువగా కమ్మ, రెడ్డి కుటుంబాలదేనన్నది నిజం. అయినా మొదటి లోక్‌సభకు రాజమండ్రి ద్విసభ్య నియోజకవర్గం రిజర్వ్‌డ్ స్థానం నుంచి కానేటి మోహనరావు వెళ్లింది ఆ పార్టీ తరఫునే.

ద్విసభ్య నియోజకవర్గం అంటే ఒకే చోట ఒక జనరల్ సీటు, ఒక రిజర్వ్‌డ్ సీటు. 1957లో పార్వతీపురంలో ఒక వింత జరిగింది. రెండు సీట్లూ గిరిజన అభ్యర్థులకే వచ్చాయి, వి.వి. గిరి ఓడిపోయారు. జనరల్ సీటులో గిరిజనుడు ఎలా గెలుస్తాడని ఆయన సుప్రీంకోర్టు దాకా వెళ్లారు. ఎక్కువ ఓట్లొస్తే గెలవవచ్చని 1959లో కోర్టు చెప్పింది. 1961లో ద్విసభ్య నియోజకవర్గాలనే రద్దు చేశారు. ఈ ఒక్క కేసే కారణమని అనలేం గానీ, రద్దుతో పోయిందేమిటో మాత్రం స్పష్టం. అంతకు ముందే ఇంకొకటి పోయింది: పూనా ఒప్పందంలో నలుగురు అభ్యర్థులను ముందుగా దళిత ఓటర్లే ఎన్నుకునే పద్ధతి ఉండేది. రాజ్యాంగంలోకి అది రాలేదు. ఆ వడపోత పని పార్టీ ఆఫీసుల చేతికి వెళ్లింది.

ఈ ప్రమాదాన్ని రాజమండ్రి కవి కుసుమ ధర్మన్న చాలా ముందే పసిగట్టారు. తెల్లదొరలు పోతే వచ్చేది ఎవరి దొరతనమని 1921లోనే అడిగిన పాట ఆయన 'మాకొద్దీ నల్లదొరతనము'.

తర్వాత చరిత్ర మనకు తెలిసిందే. 1956 నుంచి 1983 దాకా ఏర్పడిన ప్రభుత్వాలన్నీ కాంగ్రెస్‌వే. ఆ కాలంలోనే దామోదరం సంజీవయ్య దేశంలో తొలి దళిత ముఖ్యమంత్రి అయ్యారు. 1960 జనవరి నుంచి 1962 మార్చి వరకు, 26 నెలలు. మళ్లీ ఇప్పటివరకు మరొకరు లేరు. తెలుగుదేశం వచ్చింది, రాష్ట్రం విడిపోయింది, వైఎస్సార్ కాంగ్రెస్ వచ్చింది, కూటమి వచ్చింది. పార్టీలు మారాయి, ముఖ్యమంత్రి కుర్చీ చాలావరకు రెండు కులాల మధ్యే తిరిగింది.

అమలాపురం లోక్‌సభ స్థానం నుంచి కాంగ్రెస్, తెలుగుదేశం, వైఎస్సార్ కాంగ్రెస్ ఎంపీలు ముగ్గురూ వెళ్లారు. వారిలో ఎదుర్లంకకు చెందిన జి.ఎం.సి. బాలయోగి వేరు. 1998లో లోక్‌సభకు తొలి దళిత స్పీకర్. 1999 ఏప్రిల్ 17న వాజ్‌పేయి ప్రభుత్వ విశ్వాస పరీక్షలో, అప్పటికే ఒడిశా ముఖ్యమంత్రి అయిన గిరిధర్ గమాంగ్ ఓటు వేయవచ్చా అన్న ప్రశ్న వస్తే, దాన్ని ఆయన మనస్సాక్షికే వదిలేశారు బాలయోగి. గమాంగ్ ఓటు వేశారు, ప్రభుత్వం ఒక్క ఓటుతో పడిపోయింది. బాలయోగి సొంత పార్టీ తెలుగుదేశం ఆ ప్రభుత్వం వైపే ఉంది. పార్టీ టికెట్‌కు బదులు రాజ్యాంగ పదవి బలం చేతిలో ఉంటే నిర్ణయం ఎంత స్వతంత్రంగా ఉండగలదో చూపించే ఉదాహరణ ఇది.

మామూలు రోజుల్లో ఆ స్వతంత్రం దొరకదు. 2017లో, తెలుగుదేశం పాలనలో, పశ్చిమ గోదావరి గరగపర్రులో అంబేద్కర్ విగ్రహం గొడవ తర్వాత దళితులకు కూలి పనులు, కౌలు భూములు ఆపేసి సాంఘిక బహిష్కరణ చేశారు. 2020లో, వైఎస్సార్ కాంగ్రెస్ పాలనలో, తూర్పు గోదావరి సీతానగరం పోలీస్ స్టేషన్‌లో ఒక దళిత యువకుడికి శిరోముండనం చేశారు. ఆ రెండు ప్రభుత్వాల్లోనూ డెల్టా రిజర్వ్‌డ్ సీట్ల నుంచి గెలిచిన ఎమ్మెల్యేలు ఉన్నారు. వాళ్లు చెడ్డవాళ్లని కాదు. ఉమ్మడి నియోజకవర్గంలో గెలవాలంటే దళితేతరుల ఓటు కావాలి, మళ్లీ నిలబడాలంటే అధినేత టికెట్ కావాలి. బహిష్కరించిన వాళ్ల ఓటూ, వాళ్లను నొప్పించని అధినేత టికెటూ రెండూ కావాల్సిన మనిషి గట్టిగా మాట్లాడటం కష్టం.

కోనసీమ జిల్లాకు అంబేద్కర్ పేరు పెట్టే విషయంలో ఇది అందరి కళ్లముందే జరిగింది. ప్రధాన పార్టీలేవీ పేరును బహిరంగంగా వ్యతిరేకించలేదు. అయినా 2022 మే 24న అమలాపురంలో మంత్రి పినిపే విశ్వరూప్ ఇల్లు, ముమ్మిడివరం ఎమ్మెల్యే పొన్నాడ సతీష్ ఇల్లు తగలబెట్టారు. విశ్వరూప్ దళితుడు, అధికార పార్టీలో మంత్రి. జూన్‌లో మంత్రివర్గం పేరును ఆమోదించింది. 2024లో వైఎస్సార్ కాంగ్రెస్‌కు రాష్ట్రంలో 39 శాతం ఓట్లు పడినా 175లో వచ్చినవి 11 సీట్లే. అమలాపురంలో విశ్వరూప్ ఓడిపోయారు. ఆ జిల్లాలోని మూడు రిజర్వ్‌డ్ సీట్లూ కూటమికి వెళ్లాయి: అమలాపురం తెలుగుదేశానికి, రాజోలు, పి.గన్నవరం జనసేనకు. ఆ మూడు టికెట్లూ ఎవరికివ్వాలో తేల్చింది ఆ రెండు పార్టీల అధినేతలే.