వైఫై గీతలు నిండుగా ఉన్నా నెట్ ఎందుకు రాదు?

ఫోన్‌లో వైఫై గుర్తు నిండుగానే ఉంటుంది. వీడియో మాత్రం గిర్రున తిరుగుతూ ఆగిపోతుంది. ఎందుకలా?

ఆ గీతలు చెప్పేది ఫోన్‌కూ రౌటర్‌కూ మధ్య సిగ్నల్ సంగతే. బయట కేబుల్ తెగినా అవి తగ్గవు. అందుకే ముందు ఇంట్లో ఇంకో ఫోన్‌లో చూడండి. అందులోనూ రాకపోతే తప్పు రౌటర్‌దో, లైన్‌దో. ఫైబర్ పెట్టె మీద 'ఎల్‌ఓఎస్' దగ్గర ఎర్ర లైటు వెలిగితే లైన్ తెగిందేమో నెట్ కంపెనీని అడగాలి.

మీ ఒక్క ఫోన్‌కే రావట్లేదా? వైఫైలో చేరిన ప్రతి ఫోన్‌కూ రౌటర్ ఒక ఐపీ అడ్రస్ ఇస్తుంది. ఇళ్లలో అది ఎక్కువగా 192.168తో మొదలవుతుంది. ఇంటి నంబరు లేని ఉత్తరంలా, అడ్రస్ లేకపోతే డేటా ఫోన్‌కు చేరదు. వైఫై ఆపి మళ్లీ ఆన్ చేస్తే ఫోన్ రౌటర్‌ను ఆ అడ్రస్ మళ్లీ అడుగుతుంది. అప్పటికీ కుదరకపోతే, సెట్టింగ్స్‌లో ఆ నెట్‌వర్క్‌ను తీసేసి పాస్‌వర్డ్ కొత్తగా కొట్టండి.

తేదీ కూడా చూసుకోండి. వెబ్‌సైట్ల భద్రతా సర్టిఫికెట్లకు గడువుంటుంది. ఫోన్‌లో తేదీ తప్పైతే అవి చెల్లవనుకుని బ్రౌజర్ పేజీని ఆపేస్తుంది.

పక్క గదిలోకి వెళ్తేనే నెట్ పోతోందా? 5 గిగాహెర్ట్జ్ వైఫైకి వేగం ఎక్కువే కానీ, గోడలు దాటే బలం తక్కువ. అక్కడ 2.4 గిగాహెర్ట్జ్‌కు మారండి.