పూటకూళ్ల ఇంటికి రెండు దేనారాలు

అమీర్‌పేట మెట్రో స్టేషన్ మెట్లు దిగి మైత్రీవనం వైపు నాలుగడుగులు వేస్తే చాలు, చేతిలో నాలుగైదు కరపత్రాలు పడతాయి. జావా, పైథాన్ కోర్సులవి సగం, హాస్టళ్లవి సగం. శ్రీకాకుళం నుంచో, ఆదిలాబాద్ నుంచో, ఒడిశా నుంచో దిగిన పిల్లలు భుజాన బ్యాగుతో ఆ కాగితాలు పట్టుకుని ఎస్సార్ నగర్, బల్కంపేట, మధురానగర్ సందుల్లోకి వెళ్తారు. హాస్టల్లో మంచం దొరకడం పెద్ద కష్టమేం కాదు. ఆధార్ కాపీ, అడ్వాన్సు ఇస్తే చాలు. ఉద్యోగం వచ్చాక నలుగురు కలిసి టులెట్ బోర్డు చూసి పోర్షన్ తీసుకుందామనుకున్నప్పుడే అసలు చిక్కు. అద్దె, నీళ్లు, కరెంటు మీటరు సంగతులన్నీ అయ్యాక ఇంటాయన కాస్త గొంతు తగ్గించి అడుగుతాడు: “ఇంతకీ మీరేమిట్లు?”

చోటివ్వాలా వద్దా అన్నది తేల్చుకునే ముందు వచ్చినవాడెవడో తేలాలన్న ఈ ఆరాటం పాతదే. దాదాపు 2 వేల ఏళ్ల కిందట ఒక యూదు ధర్మశాస్త్ర పండితుడు యేసును ఇలాంటి ప్రశ్నే అడిగాడు. పొరుగువాణ్ని తనలా ప్రేమించాలని శాస్త్రం చెబుతోంది సరే, ఆ పొరుగువాడు ఎవడు? ప్రేమించడానికి ఆయనకేం అభ్యంతరం లేదు. ఎవరిదాకా ప్రేమిస్తే సరిపోతుందో ఆ గీత ఎక్కడుందో చెబితే చాలు. యేసు గీత గియ్యలేదు. ఒక కథ చెప్పాడు. లూకా సువార్త 10వ అధ్యాయంలో ఉన్న ఆ కథే చర్చికి ఎన్నడూ వెళ్లనివాళ్లకు కూడా తెలిసిన మంచి సమరయుడి కథ.

యెరూషలేము నుంచి యెరికోకి దారి సుమారు 27 కిలోమీటర్లు. అంత కొద్ది దూరంలోనే వెయ్యి మీటర్లకు పైగా దిగిపోతుంది. రాళ్లూ మలుపులూ, దొంగలకు అనువైన చోటు. ఆ దారిలో ఒకణ్ని దొంగలు కొట్టి, బట్టలు కూడా ఊడదీసుకుని, కొన ప్రాణంతో వదిలేస్తారు. ఒక యాజకుడు వస్తాడు, చూసి అవతలి పక్కనుంచి వెళ్లిపోతాడు. గుడి సేవకుడైన లేవీయుడూ అంతే. వాళ్లు దుర్మార్గులని కథలో ఎక్కడా లేదు. పడి ఉన్నవాడు చచ్చిపోయి ఉంటే ముట్టుకున్నందుకు మైల, యాజకుడికి ఆ నియమం మరీ కఠినం. మడి మైలల సంగతి తెలిసిన తెలుగు పాఠకుడికి ఆ జంకు విడమరిచి చెప్పక్కర్లేదు. దొంగలు ఇంకా అక్కడే పొంచి ఉండొచ్చు కూడా. మార్టిన్ లూథర్ కింగ్ 1968 ఏప్రిల్ 3న, హత్యకు గురయ్యే ముందు రోజు, మెంఫిస్‌లో పారిశుద్ధ్య కార్మికుల సమ్మెకు మద్దతుగా చేసిన ప్రసంగంలో ఈ దారిని గుర్తుచేశాడు. ఆగితే నాకేమవుతుందని మొదటి ఇద్దరూ ఆలోచించారు, ఆగకపోతే ఇతడికేమవుతుందని మూడోవాడు ఆలోచించాడు అన్నది ఆయన వివరణ.

ఆ మూడోవాడు సమరయుడు. యూదులకూ సమరయులకూ తరతరాల పగ. ఒకరి చేతి నీళ్లు ఒకరు తాగరు. వింటున్నవాళ్ల వైపునుంచి ఒక మంచివాణ్ని తెచ్చి నాయకుణ్ని చేసుంటే అందరూ తలలూపి ఇళ్లకు పోయేవారు. యేసు శత్రువుల ఇంటివాణ్ని తెచ్చాడు. పైగా, మీలో ఒకడు సమరయుడికి సాయం చేశాడని కూడా చెప్పలేదు, సమరయుడి చేతి సాయం అందుకుని మీవాడు బతికాడన్నాడు. చివర్లో ప్రశ్నను తిప్పి అడిగాడు. పొరుగువాడు ఎవడన్నది వదిలెయ్, దెబ్బలు తిన్నవాడికి ఈ ముగ్గురిలో పొరుగువాడైంది ఎవరు?

ప్రసంగాల్లో ఎవరూ పెద్దగా పట్టించుకోని పాత్ర ఈ కథలో ఇంకొకటుంది. పూటకూళ్ల ఇంటివాడు. సమరయుడు గాయాలకు నూనె, ద్రాక్షారసం పోసి కట్టుకట్టి, తన గాడిద మీద ఎక్కించి సత్రానికి చేర్చి ఆ రాత్రి చూసుకున్నాడు. తెల్లారి తన పని మీద తను వెళ్లిపోయాడు. వెళ్తూ రెండు దేనారాలు, అంటే కూలివాడి రెండు రోజుల కూలి, చేతిలో పెట్టి, ఇంకా ఖర్చయితే తిరిగొచ్చినప్పుడు ఇస్తానన్నాడు. అంటే సమరయుడి దయ ఒక రాత్రిది. ఆ తరవాత రోగిని లేపి కూర్చోబెట్టిందీ, గంజి పోసిందీ డబ్బు తీసుకుని పనిచేసిన మనిషి. కన్యాశుల్కం పూటకూళ్లమ్మను చూసిన తెలుగువాడికి ఆ వృత్తి మీద పెద్ద గౌరవం లేకపోవచ్చు గానీ, హాస్టళ్లతో నిండిన అమీర్‌పేటలో ఆమె వారసుల్ని దాటి అడుగు వెయ్యలేం. కథ నిలబడేది దారిలో కలిగిన జాలి మీదా, దాన్ని మర్నాటికి కొనసాగించిన ఏర్పాటు మీదా కలిపి.

పొరుగువాణ్ని ప్రేమించమన్న మాట యేసు కొత్తగా పుట్టించింది కాదు. అది లేవీయకాండం 19వ అధ్యాయంలోది. అదే అధ్యాయం మరికొంత దూరం వెళ్లాక, మీ దేశంలో ఉంటున్న పరదేశిని కూడా అలాగే చూడాలంటుంది. కారణం కూడా చెబుతుంది: ఒకప్పుడు ఐగుప్తులో మీరూ పరదేశులే కదా. పరాయి ఊళ్లో పడ్డ పాట్లు గుర్తున్నవాడికి ఇంతకన్నా పెద్ద వాదన అవసరం లేదు. మత్తయి సువార్త 25వ అధ్యాయంలో యేసు ఇంకో మెట్టెక్కించాడు. తీర్పు రోజున రాజు లెక్క చూసేది ఆకలిగొన్నవాడికి అన్నం పెట్టావా, పరదేశికి చోటిచ్చావా, రోగిని, ఖైదీని చూడ్డానికి వెళ్లావా అని. వాళ్లకు చేసింది తనకు చేసినట్టే అంటాడు. చేసినవాళ్లే ఆశ్చర్యపోతారు, ఎప్పుడు చేశాం అని. ఎవరికి చేస్తున్నామో తెలియకుండా చేసినవాళ్లు వాళ్లు.

తొలి శతాబ్దాల క్రైస్తవులు దీన్ని అమల్లో పెట్టబోయి వెంటనే ఇబ్బందుల్లో పడ్డారు. తలుపు తెరిచి పెడితే నిజమైన బాటసారులతోపాటు ఊరూరా తిరిగి తినేవాళ్లూ వస్తారు. మొదటి శతాబ్దం చివరనో రెండో శతాబ్దం మొదట్లోనో రాసిందని భావించే ‘దిదాకే’ అనే చిన్న పుస్తకం ఈ తలనొప్పికి హాస్టల్ వార్డెన్ తరహాలో నియమాలు పెట్టింది. వచ్చినవాణ్ని ఆదరించండి. అవసరమైతే రెండు మూడు రోజులు ఉండనివ్వండి. స్థిరపడతానంటే, పని వచ్చినవాడు పనిచేసి తినాలి. పని రానివాడికి ఏదో ఒక దారి మీరే ఆలోచించండి. ప్రవక్తనంటూ వచ్చి డబ్బడిగితే వాడు దొంగ ప్రవక్త. ఈ చివరి నియమం ఇప్పటికీ ఏ గోడమీదైనా రాసిపెట్టుకోదగ్గది.

ఆ పద్ధతి పనిచేసిందనడానికి సాక్ష్యం విరోధి నోటి నుంచే వచ్చింది. 361 నుంచి 363 వరకు ఏలిన రోమన్ చక్రవర్తి జూలియన్ క్రైస్తవాన్ని తోసి పాత దేవతల పూజ నిలబెట్టాలని చూశాడు. వీళ్లు తమ పేదలనే కాక మన పేదలనూ పోషిస్తున్నారు, మనకది సిగ్గుచేటు అని తన పూజారికి రాసి, ప్రతి పట్టణంలో సత్రాలు కట్టించమన్నాడు. మరో పదేళ్లలోపే కైసరయ బిషప్ బాసిల్ ఊరి బయట బాటసారులకూ రోగులకూ కలిపి పెద్ద ఆశ్రమం కట్టించాడు. కుష్ఠు రోగులకూ అందులో చోటుండేది.

తెలుగు నేలకు ఈ బోధ వచ్చేసరికి సత్రాలూ అన్నదానాలూ ఇక్కడ కొత్త కాదు. గోదావరి లంకల్లో డొక్కా సీతమ్మ గారు వేళాపాళా లేకుండా వచ్చినవాళ్లకల్లా వండి పెట్టిన కథ ఇప్పటికీ ఇంటింటా చెప్పుకుంటారు. మిషనరీలకు ఎదురైన చిక్కు వేరు. అన్నం పెట్టే చేయి, మతంలోకి రమ్మనే చేయి ఒకటే అయితే ఆ అన్నం విలువేమిటి? 1876-78 కరువులో ఒంగోలు అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ ముందు ఈ ప్రశ్న నిలబడింది. సర్వేయింగ్ పని తెలిసినవాడు కాబట్టి బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో మూడున్నర మైళ్ల కాంట్రాక్టు తీసుకుని వేలమందికి కూలీ ఇప్పించాడు. బాప్తిస్మం ఇమ్మని వచ్చినవాళ్లను మాత్రం నెలల తరబడి ఆపేశాడు. కూటి కోసం మతం మారారన్న మాట పడకూడదని ఆయన పట్టు. సాయం పంచడం ముగిశాకే, 1878 జూలై 3న ఒక్కరోజులో 2,222 మందికి గుండ్లకమ్మ ఏట్లో బాప్తిస్మం జరిగింది. విమర్శకులకు ఈ సంఖ్య ఒక రకంగా కనిపిస్తుంది, విశ్వాసులకు మరో రకంగా. ఆ నెలల ఆలస్యం మాత్రం ఇద్దరూ లెక్కలోకి తీసుకోవాల్సిన విషయం.

ఇచ్చే చేయి ఎప్పుడూ ఒక్క వైపునుంచే రాలేదు కూడా. నిజామాబాద్ దగ్గర డిచ్‌పల్లిలో కుష్ఠు రోగుల ఆసుపత్రిని 1915లో డాక్టర్ ఇసబెల్ కెర్ మొదలుపెట్టింది హిందువైన రాజా నర్సాగౌడ్ ఇచ్చిన విరాళంతో. రెండు దేనారాలు ఒకరివి, పూటకూళ్ల ఇల్లు మరొకరిది.

హైదరాబాద్‌కు ఈ బోధ చేరిన దారుల్లో ఒకటి మరీ వింతైంది. పంజాబ్ సిక్కు కుటుంబంలో 1903లో పుట్టిన భక్త్ సింగ్ బడిలో బహుమతిగా ఇచ్చిన బైబిల్ కాగితాలు చించేసి తోలు అట్ట మాత్రం దాచుకున్న కుర్రాడు. ఇంజినీరింగ్ చదువు కోసం కెనడాలోని విన్నిపెగ్ చేరాడు. ఊరు కాని ఊరు, ఒంటరితనం. జాన్ హేవార్డ్, ఎడిత్ హేవార్డ్ అనే దంపతులు అతణ్ని భోజనానికి పిలిచారు, తరవాత తమ ఇంట్లోనే ఉండమన్నారు. రాత్రి భోజనమయ్యాక బైబిల్ చదవడం వాళ్లింటి అలవాటు. 1932లో వాంకూవర్‌లో బాప్తిస్మం తీసుకుని దేశానికి తిరిగొచ్చిన ఆయన, తరవాత హైదరాబాద్ గోల్కొండ చౌరస్తాలోని హెబ్రోను ప్రార్థనా మందిరాన్ని కేంద్రం చేసుకుని 2000లో మరణించేదాకా పనిచేశాడు. అక్కడి ఏటేటి కూడికలకు వేలమంది వచ్చి పందిళ్లలో ఉండేవారు. అందరికీ ఉచిత భోజనం. ఆదివారం ఆరాధన అయ్యాక ప్రేమవిందు, అంతా నేలమీద బారులు తీరి కూర్చుని తినడం. పక్క విస్తరి ముందు కూర్చున్నది ఏ కులమోనని చూసుకునే ఊళ్లలోంచి వచ్చినవాళ్లకు ఏ ప్రసంగానికీ తీసిపోని పాఠం ఆ బంతి భోజనం.

అయితే సంఘాలన్నీ ఆ పాఠం నేర్చుకున్నాయని చెబితే అబద్ధమే. కులాల వారీ సంఘాలు, కులం చూసి కుదిరే పెళ్లిళ్లు, కొన్నిచోట్ల వేరువేరు సమాధి స్థలాలు తెలుగు క్రైస్తవంలో ఇంకా ఉన్నాయి. హైదరాబాద్ ఆర్చ్‌బిషప్ పూల ఆంథోనీ 2022 ఆగస్టు 27న కార్డినల్ అయినప్పుడు, దళితుల్లోంచి ఆ స్థానానికి చేరిన మొదటి వ్యక్తి అని పత్రికలన్నీ రాశాయి. భారతీయ క్యాథలిక్కుల్లో దళితుల వాటా ఎంత పెద్దదో తెలిసినవాళ్లకు, అంతకాలం ఎందుకు పట్టిందన్న సందేహం ఆ వార్తతోపాటే వచ్చి ఉంటుంది. “మీరేమిట్లు?” అన్న ప్రశ్న గుడి గుమ్మం దగ్గర చెప్పులతోపాటు ఆగిపోదు.

ఆ ప్రశ్న లేకుండా సాగే పనులూ ఈ దగ్గర్లోనే ఉన్నాయి. అమీర్‌పేట నుంచి పంజాగుట్ట చౌరస్తా దాటితే నిమ్స్ ఆసుపత్రి. ఎక్కడెక్కడి జిల్లాల రోగులో వస్తారు, వాళ్ల వెంట వచ్చినవాళ్లు రోజుల తరబడి దుప్పటీ, టిఫిన్ క్యారియర్‌తో కాలం గడుపుతారు. అవయవదానాన్ని నడిపే జీవన్‌దాన్ కార్యక్రమం కార్యాలయం కూడా నిమ్స్‌లోనే ఉంది. 2021 ఫిబ్రవరి 2న బ్రెయిన్ డెడ్ అయిన నల్గొండ జిల్లా రైతు గుండెను నాగోలు నుంచి జూబ్లీహిల్స్ దాకా మెట్రో రైల్లో ఎక్కడా ఆపకుండా తెచ్చారు. ఆ రైలు అమీర్‌పేట మీదుగానే వెళ్లింది. గుండె ఎవరికి వెళ్లాలన్నది బ్లడ్ గ్రూపు, రోగి పరిస్థితి, జాబితాలో వరస వంటివి తేలుస్తాయి. కులం వివరం అక్కర్లేదు.

రోడ్డు మీద పడినవాడి సంగతి మాత్రం ఇంత సాఫీగా ఉండేది కాదు. కారు గుద్దిన ఒక స్కూటరిస్టును, ఇది మెడికోలీగల్ కేసు, మేం ముట్టుకోమని ఒక ఆసుపత్రి 20 కిలోమీటర్ల అవతలికి పంపితే దారిలోనే పోయాడు. ఆ వార్త మీద వేసిన పిటిషన్‌లో 1989లో సుప్రీంకోర్టు, ముందు ప్రాణం నిలబెట్టండి, కాగితాలు తరవాత అని ప్రతి డాక్టరుకూ చెప్పింది. అయినా జనం ఆగేవారు కాదు. పోలీసు స్టేషన్ చుట్టూ తిరగాలి, కోర్టు వాయిదాలకు వెళ్లాలి, తానే గుద్దాడన్న అనుమానం భరించాలి. యాజకుడి భయం మైల గురించి, మనవాళ్ల భయం సాక్షి సంతకం గురించి.

2007లో ఢిల్లీలో బడి నుంచి ఇంటికి వస్తున్న పీయూష్ తివారీ అనే ఆయనకు తమ్ముడి వరసయ్యే పిల్లవాణ్ని వాహనం గుద్దితే ఎవరూ ఆసుపత్రికి చేర్చలేదు. ఆ పిల్లవాడు పోయాక తివారీ మరుసటి ఏడు సేవ్‌లైఫ్ ఫౌండేషన్ మొదలుపెట్టాడు. ఆ సంస్థ సర్వేలో నలుగురిలో ముగ్గురు సాయానికి వెనకాడతామన్నారు. అది వేసిన కేసులో 2016 మార్చి 30న సుప్రీంకోర్టు సాయం చేసినవాళ్ల రక్షణకు మార్గదర్శకాలను ఖరారు చేసింది. 2019లో మోటారు వాహనాల చట్టంలో 134ఎ సెక్షన్ చేరింది, 2020లో నియమాలొచ్చాయి. చట్టం వాళ్లకు పెట్టిన పేరు లూకా కథలోదే, గుడ్ సమారిటన్. నియమాల ప్రకారం మతం, జాతీయత, కులం, స్త్రీపురుష భేదం చూడకుండా వాళ్లను గౌరవంగా చూడాలి. పేరు, చిరునామా చెప్పమని పోలీసులుగానీ మరెవరుగానీ బలవంతపెట్టకూడదు. సాక్షిగా ఉండటం వాళ్ల ఇష్టం. ఒప్పుకుంటే వాళ్లకు వీలైన చోటే విచారించాలి. ఈ హక్కుల పట్టికను ఆసుపత్రి గుమ్మం దగ్గర స్థానిక భాషలోనూ రాసిపెట్టాలి.

2021లో కేంద్రం, తీవ్రంగా గాయపడినవాణ్ని ‘గోల్డెన్ అవర్’లో, అంటే దెబ్బ తగిలిన తొలి గంటలో, ఆసుపత్రికి చేర్చినవాళ్లకు రూ.5,000 బహుమతి ప్రకటించింది. 2025లో దాన్ని రూ.25,000కు పెంచింది. సమరయుడు ఎదురు రెండు దేనారాలు ఖర్చుపెట్టాడన్నది వేరే సంగతి. బహుమతి కావాలంటే పోలీసు స్టేషనో ఆసుపత్రో ఇచ్చే కాగితం, పేరు, చిరునామా, బ్యాంకు ఖాతా, ఆపైన జిల్లా కమిటీ ఆమోదం ఉండాలి. అవేవీ వద్దనుకునేవాడు 108కి ఫోన్ చేసి, గాయపడినవాణ్ని ఆసుపత్రిలో అప్పగించి, పేరైనా చెప్పకుండా తన పని మీద తను వెళ్లిపోవచ్చు. చట్టం ఆ రెంటికీ ఒప్పుకుంటుంది.