కణాల లెక్కకు కొత్త గుమాస్తా

పదో తరగతి పరీక్షలో పాసు కావాలంటే 35 మార్కులు రావాలి కదా! ఒక విద్యార్థికి ముప్ఫై నాలుగున్నర వచ్చాయనుకోండి. అరమార్కును ఒకటిగా లెక్కిస్తే అతడు పాసు, వదిలేస్తే ఫెయిలు. జవాబు పత్రం ఒకటే. లెక్కించే పద్ధతిని బట్టి ఫలితం మారింది. రక్తపరీక్షలో కూడా ఇలా జరిగితే?

పెద్ద ప్రయోగశాలల్లో ఫ్లో సైటోమీటరు అనే యంత్రం వుంటుంది. రక్తంలోని కణాలను ఇది సన్నని ద్రవధారలో ఒకదాని వెనుక ఒకటిగా నడిపిస్తుంది. ఆ ధార మీద లేసరు కాంతి పడుతూ వుంటుంది. కణం అడ్డు రాగానే కాంతి చెదురుతుంది. ముందుకు చెదిరిన కాంతి కణం ఎంత పెద్దదో సూచిస్తుంది. పక్కకు చెదిరిన కాంతి దాని లోపల రేణువులు ఎన్ని వున్నాయో సూచిస్తుంది. కొన్ని జాతుల కణాలకు ముందుగానే మెరిసే రంగులు అంటించి వుంచుతారు. ఆ మెరుపును బట్టి జాతిని గుర్తిస్తారు. సెకనుకు వేలాది కణాలను ఇలా పరీక్షించవచ్చు.

1965లో అమెరికాలోని లాస్ అలమోస్ ప్రయోగశాలకు చెందిన మాక్ ఫుల్‌వైలర్ కణాలను వేరుచేసే యంత్రాన్ని లోకానికి తెలియజేశారు. తరువాత స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో లియొనార్డ్ హెర్జెన్‌బర్గ్ బృందం మెరుపును బట్టి కణాలను వేరుచేసే యంత్రాన్ని రూపొందించింది.

యంత్రం పట్టుకునేది కాంతిని మాత్రమే. దానిని అంకెలుగా రాసి, కూడి, తీసివేసి, "ఈ జాతి కణాలు ఇన్ని" అని చెప్పేది కంప్యూటరులోని సాఫ్ట్‌వేరు. అంటే అది ఆ యంత్రానికి గుమాస్తా లాంటిదన్నమాట! పాత గుమాస్తాను మార్చి కొత్తవాడిని పెట్టుకునేటప్పుడు జాగ్రత్త అవసరం. ఎందుకో చూద్దాం.

హెచ్.ఐ.వి. అనే వైరస్ సి.డి.4 అనే తెల్ల రక్తకణాలను నాశనం చేస్తుంది. ఆరోగ్యంగా వున్న పెద్దవారిలో ఇవి ఘనపు మిల్లీమీటరు రక్తానికి సుమారు 500 నుండి 1500 వరకు వుంటాయి. హెచ్.ఐ.వి. సోకిన పెద్దవారిలో 200 కంటే తగ్గితే, వ్యాధి ముదిరిందని వైద్యులు భావిస్తారు. ఇతర జబ్బులు రాకుండా అదనపు పరీక్షలు, మందులు మొదలుపెడతారు. ఒక రోగికి పాత సాఫ్ట్‌వేరు 195 అని, కొత్తది 205 అని చెప్పిందనుకోండి. రక్తం అదే. కాని ఆ రోగికి అందవలసిన జాగ్రత్త అందకపోవచ్చు.

తేడా ఎక్కడ పుడుతుంది? కణాల చిత్రంలో ఒక్కొక్క జాతి ఒక్కొక్క చుక్కల గుంపుగా కనిపిస్తుంది. సాఫ్ట్‌వేరు ఆ గుంపు చుట్టూ గీత గీసి లోపలి చుక్కలను లెక్కిస్తుంది. గీత కొంచెం జరిగితే లెక్క మారుతుంది. రెండో కారణం రంగులు. ఆకుపచ్చగా మెరిసే రంగు కాంతి కొంత, పసుపు కాంతిని కొలిచే సాధనంలోకి కూడా పడుతుంది. ఆ ఎక్కువను తీసివేయాలి. కొన్ని పాత యంత్రాలు తీసివేసిన తరువాతనే అంకెలను దాచేవి. అది తెలియక కొత్త సాఫ్ట్‌వేరులో మళ్ళీ తీసివేస్తే లెక్క తప్పుతుంది.

అయితే పాతదాన్నే వుంచుకుంటే సరిపోదా? అదీ కుదరదు. యంత్రం చాలా ఏళ్ళు మన్నుతుంది కాని, కంప్యూటరు అంతకాలం నిలవదు. విండోస్ ఎక్స్‌పీకి 2014 ఏప్రిల్‌లో, విండోస్ 10కి 2025 అక్టోబరులో సాధారణ మద్దతు ఆగిపోయింది. భద్రత లేని కంప్యూటరులో రోగుల వివరాలు వుంచడం ప్రమాదం.

అందుచేత ప్రయోగశాలవారు కొనేముందు కొన్ని ప్రశ్నలు వేసుకోవాలి. మన పనికి కావలసిందేమిటి? రెండు మూడు రంగులతో సి.డి.4 కణాలను లెక్కించే చోటికి ముప్ఫై రంగుల పరిశోధనకు తయారైన సాఫ్ట్‌వేరు ఎందుకు? అది మన యంత్రంతో, మన కంప్యూటరుతో కలిసి పనిచేస్తుందా? పాత ఫైళ్ళను చదవగలదా? ఫైళ్ళు అన్ని కంపెనీలకూ ఒకే తీరులో వుండాలని 1984లో ఎఫ్.సి.ఎస్. అనే ప్రమాణాన్ని ఏర్పరిచారు. దానిని పాటించే సాఫ్ట్‌వేరు మేలు.

అన్నిటికన్నా ముఖ్యమైనది పోల్చి చూడడం. దాచివుంచిన పాత ఫైలునే రెండు సాఫ్ట్‌వేర్లకూ ఇవ్వాలి. మెరుపు ఎంతో ముందే తెలిసిన ప్లాస్టిక్ పూసలను యంత్రంలో నడిపి చూడాలి. కొన్నాళ్ళు పాత, కొత్త లెక్కలు రెండూ పక్కపక్కనే రాయాలి. 800, 900 వచ్చే తేలిక నమూనాలు చాలవు. 200కు అటూ ఇటూ వుండే నమూనాలతోనే అసలు పరీక్ష. మార్పు జరిగిన తేదీని పుస్తకంలో రాసి వుంచాలి. లేకపోతే ఒక రోగి లెక్క పెరిగినప్పుడు అది మందు వల్లనా, సాఫ్ట్‌వేరు వల్లనా అన్నది ఎవరికీ తెలియదు.

మీరూ ఇలాంటి పరీక్ష చేయవచ్చు. ఒక గుప్పెడు బియ్యంలో నూకలు ఎన్నో ఇద్దరు స్నేహితులను వేరువేరుగా లెక్కించమనండి. ఎంత చిన్న గింజను నూక అనాలో ముందుగా చెప్పకండి. లెక్కలు కలవకపోతే, మళ్ళీ గింజలను ఎంచేముందు, ఎవరు ఏ గింజను నూక అన్నారో అడిగి చూడండి.