కెమెరాకు పట్టాల బండి

సినిమాలో దృశ్యము మెల్లగా ప్రక్కకు జరుగుచుండుట శ్రోతలు చూచియే యుందురు. కెమెరాను అట్లు నడిపించు చిన్న బండిని ఇంటిలోనే నిర్మించుకొనవచ్చును.

రెండు నున్నని ఉక్కు కడ్డీలు, వాటిపై బేరింగులతో జారు పలక, పళ్ల బెల్టు, స్టెప్పర్ మోటారు కావలెను. సాధారణముగా దొరకు మోటారు ఒక చుట్టును 200 అడుగులలో తిరుగును. 2 మిల్లీమీటర్ల ఎడము గల బెల్టునకు 20 పళ్ల కప్పీ తగిలించినచో, చుట్టుకు పలక 40 మిల్లీమీటర్లు, అనగా అడుగునకు 0.2 మిల్లీమీటరు జరుగును. 80 సెంటీమీటర్ల దూరములో 250 ఫొటోలు తీసి, సూర్యాస్తమయమును 10 సెకండ్ల చిత్రముగా కూర్చవలెనన్నచో ఫొటో ఫొటోకు 16 అడుగులు చాలును. ఆనాటి అస్తమయము రెండవసారి దొరకదు గనుక, కుదుపులను ముందురోజే పరీక్షింపవలెను.

బండి కుదిపినచో చాలమంది మోటారును నిందింతురు. మేము ముందుగా దానిని ముట్టము. బెల్టు విప్పి పలకను చేతితో త్రోసి చూతుము. ఒకచోట బిగుసుకొన్నచో కడ్డీలు సమాంతరముగా లేవన్నమాట. సాఫీగా జారినచో బెల్టు వదులో, కప్పీ మర వదులో చూడవలెను. ఆ పిమ్మటనే డ్రైవరు. కరెంటు చాలనిచో మోటారు అడుగులు తప్పును. మించినచో రెండును కాగిపోవును. కరెంటు ఉండగా మోటారు తీగ ఊడదీసినచో డ్రైవరు చెడవచ్చును. వేగమును ఒక్కసారిగా గాక క్రమముగా పెంచవలెను.

పట్టాను ఏటవాలుగా నిలిపినప్పుడు మరి జాగ్రత్త. కరెంటు పోయిన క్షణమున మోటారు పట్టు వదలును, కెమెరా క్రిందికి జారును. దిగువ కొనను మెత్తని అడ్డు ఒకటి ముందే బిగింపవలెను.