బోల్టు వదులైంది... 785 ఇంజిన్లు మారాయి!

ముచ్చటపడి కొన్న కొత్త కారు. గంటకు మూడొందల కిలోమీటర్లు దాటే వేగం దాని సొంతం. అంతలోనే ‘దాన్ని బయటికి తీయకండి, మేమే వచ్చి తీసుకెళ్తాం’ అని కంపెనీ నుంచి కబురొస్తే? 2014 ఫిబ్రవరిలో పోర్షే 911 జీటీ3 యజమానులకు ఎదురైన అనుభవమిదే!

అంతకుముందే ఐరోపాలో రెండు జీటీ3 కార్ల ఇంజిన్లు దెబ్బతిని మంటలు చెలరేగాయి. ఆరా తీస్తే తేలిన కారణం... కనెక్టింగ్ రాడ్ బోల్టు వదులవడం. పిస్టన్‌ను క్రాంక్ షాఫ్ట్‌తో కలిపే రాడ్ అది. పట్టు తప్పిన రాడ్ క్రాంక్‌కేస్‌ను పగలగొట్టింది.

ఇంత చిన్న బోల్టుకు అంత పనా అనిపించొచ్చు. జీటీ3 ఇంజిన్ నిమిషానికి 9,000 సార్లు తిరగ్గలదు. అంటే సెకనుకు 150 చుట్లు! ప్రతి చుట్టులోనూ పిస్టన్ పైన ఒకసారి, కింద ఒకసారి ఆగి వెనక్కి మళ్లుతుంది. అంటే సెకనుకు 300 కుదుపులు. పైగా ఇంజిన్ వేగం రెట్టింపైతే రాడ్ మీద ఆ కుదుపుల బలం నాలుగు రెట్లవుతుంది. మామూలు కార్లో సర్దుకుపోయే చిన్నలోపం ఇక్కడ ప్రాణాంతకమే.

మరమ్మతుతో సరిపెట్టకుండా, అప్పటికి తయారైన 785 కార్లకూ ఇంజిన్లే మార్చేస్తామని పోర్షే మార్చిలో ప్రకటించింది. కొత్త ఇంజిన్లలో బోల్టుల అమరికను మెరుగుపరిచింది.

బండి ఎంత ఖరీదైనదైనా, దాని భద్రత చివరికి ఓ చిన్న బోల్టు బిగువులోనే ఉంటుంది మరి!