సంఘ కార్యాలయములో స్వంత వెబ్ సర్వరు

షోలాపురము, భీవండి, సేలము, బరంపురము మొదలగు చోట్ల తరతరాలుగా స్థిరపడిన మన నేత కుటుంబములకు డిజైనే ఆస్తి. తాత తీసిన అంచు, తండ్రి కూర్చిన బుటా, కొడుకు కంప్యూటరుమీద గీసిన కొంగు, ఇవన్నియు మన సొత్తు. పూర్వము ఇవి గళ్ళ కాగితములమీదను, జాకార్డు అట్టలమీదను ఉండెడివి. ఇప్పుడు చాలమంది యిండ్లలో సెల్‌ఫోనులోని ఫోటోలుగా మాత్రమే ఉన్నవి. ఫోను పోయిన నాడు డిజైను కూడ పోవుచున్నది.

మా సంఘమువారు కొన్ని సంవత్సరములక్రితము ఈ డిజైన్లను వెబ్‌పేజీగా చేయించుటకు ఒక కాంట్రాక్టరుకు పని యొప్పగించితిమి. పేజీ చక్కగానే వచ్చినది. కాని పేజీ పేరు ఆయన పేర రిజిస్టరు అయినది. తాళపు మాటలన్నియు ఆయనయొద్దనే ఉండెను. ఆయన ఊరు విడిచి వెళ్ళిన తరువాత ఏటి బాడుగ కట్టువారు లేక పేజీ మూతపడినది. అందులోని ఫోటోలు మాకు తిరిగి రాలేదు. ఆయనను అనవలసిన పని లేదు. ఏమి అడుగవలెనో, ఏమి వ్రాసి యుంచుకొనవలెనో మాకే తెలియదు. ఆ తెలియనితనమువలన కలిగిన నష్టము మరియొక సంఘమునకు కలుగరాదని ఈ వ్యాసము వ్రాయుచున్నాము.

సర్వరు అనగా నేమి?

సర్వరు అనగా అడిగినవారికి అడిగినది అందించు కంప్యూటరు. మనము బ్రౌజరులో ఒక చిరునామా వ్రాయగానే, ఆ చిరునామాగల కంప్యూటరు పేజీని పంపును. ఈ ఏర్పాటును స్విట్జర్లాండులోని సెర్న్ అను పరిశోధనాలయములో టిం బెర్నర్స్‌లీ 1989లో ప్రతిపాదించి, 1990లో మొదటి సర్వరును నడిపించెను. 1995లో వెలువడిన అపాచీ అను సర్వరు ప్రోగ్రాము నేటికిని ఉచితముగా దొరకుచున్నది.

నేతవారికి ఈ విద్య పరాయిది కాదు. 1804 ప్రాంతమున ఫ్రాన్సు దేశపు లియాన్ పట్టణములో జోసెఫ్ జాకార్డు తన మగ్గమునకు చిల్లుల అట్టలు తగిలించెను. చిల్లు ఉన్నచోట పోగు లేచును, లేనిచోట నిలుచును. ఇంగ్లండులో చార్లెస్ బాబేజి తాను తలపెట్టిన లెక్కల యంత్రమునకు ఆ అట్టల పద్ధతినే తీసికొనెను. కనుక కంప్యూటరు మన మగ్గమునకు దూరపు చుట్టము.

వేరే కంప్యూటర్లమీద ఆధారపడక, ఒకే కంప్యూటరులో తనంతట తాను నడచు సర్వరును స్వతంత్ర సర్వరు అందుము. కార్యాలయములోని మామూలు కంప్యూటరు ఇందుకు చాలును. ఆ కార్యాలయపు వైఫైలో ఉన్నవారికి మాత్రమే అది కనబడును. బయటి లోకమునకు కనబడదు.

బయటికి కనబడకపోవుట ఎందుకు మేలు?

దీనికి చట్టపు కారణము కలదు. 2000 సంవత్సరపు డిజైన్ల చట్టము ప్రకారము రిజిస్టరు అయిన డిజైనుమీద 10 సంవత్సరముల హక్కు లభించును. దానిని మరి 5 సంవత్సరములు పొడిగించుకొనవచ్చును. కాని దరఖాస్తు పెట్టుటకు ముందే లోకమునకు వెల్లడియైన డిజైను క్రొత్తది కానేరదు. దానికి రిజిస్ట్రేషను దొరకదు. ఉత్సాహముకొద్దీ క్రొత్త కొంగును వెబ్‌పేజీలోనో, వాట్సాప్ గుంపులలోనో పెట్టినవాడు తన హక్కును తానే వదలుకొన్నవాడగును. కావున అమ్మకమునకు వచ్చిన సరుకు బయటి పేజీలో ఉండవలెను; ఇంకను మగ్గము దిగని డిజైను కార్యాలయపు స్వతంత్ర సర్వరులో ఉండవలెను. ఈ రెండు బీరువాలను కలుపరాదు.

నెలకొల్పు విధానము

మేము రెండు ఉచిత సాధనములు వాడితిమి. మొదటిది క్జాంప్. ఇందులో అపాచీ సర్వరు, మరియాడిబి అను లెక్కల పెట్టె, పిహెచ్‌పి అను భాష ఒకే మూటగా వచ్చును. రెండవది 2003లో వెలువడిన వర్డ్‌ప్రెస్. ఇది పేజీలను, ఫోటోలను వరుసగా అమర్చును. రెండింటికిని విజార్డు కలదు. విజార్డు అను మాటకు మాంత్రికుడని అర్థము గాని ఇందులో మంత్రమేమియు లేదు. ఒకదాని తరువాత ఒకటిగా ప్రశ్నలడిగి, మన జవాబులనుబట్టి అమరికలు చేయు ప్రశ్నపత్రము మాత్రమే.

క్జాంప్ విజార్డు ఏ ఏ భాగములు కావలెనని అడుగును. అపాచీ, పిహెచ్‌పి, మైఎస్‌క్యూఎల్, పిహెచ్‌పి మైఅడ్మిన్ చాలును. మరియాడిబి అక్కడ మైఎస్‌క్యూఎల్ అను పాత పేరుతోనే కనబడును. ఏ ఫోల్డరులో పెట్టవలెనని అడిగినపుడు సి డ్రైవులో అది చూపిన క్జాంప్ ఫోల్డరునే ఉంచవలెను. ప్రోగ్రామ్ ఫైల్సు లోపల పెట్టినచో విండోస్ అనుమతుల చిక్కులు వచ్చును. విండోస్ కావలివాడు, అనగా ఫైర్‌వాల్, ఏ నెట్‌వర్కునకు అనుమతి ఇయ్యవలెనని అడిగినపుడు ప్రైవేటు అనుదానికే ఇయ్యవలెను. పబ్లిక్ అనుదానికి ఇయ్యరాదు.

తరువాత కంట్రోల్ ప్యానెలులో అపాచీ ఎదుటను, మైఎస్‌క్యూఎల్ ఎదుటను స్టార్టు నొక్కవలెను. పేర్లు పచ్చబడినచో పని నడచినట్లు. అపాచీ లేవకున్నచో బెదరవలదు. అది 80, 443 అను ద్వారములను వాడును. మరియొక ప్రోగ్రాము ఆ ద్వారమును ముందే పట్టుకొని యుండును. ఆ ప్రోగ్రామును ఆపుటగాని, అపాచీకి 8080 వంటి వేరు ద్వారము చూపుటగాని చేయవలెను.

ఇచ్చట ముఖ్యమైన సంగతి యొకటి. వర్డ్‌ప్రెస్ విజార్డును ఏ చిరునామాతో తెరచెదమో, ఆ చిరునామానే అది తనదిగా వ్రాసికొనును. సామాన్యముగా అందరు లోకల్‌హోస్టు అని తెరతురు. లోకల్‌హోస్టు అనగా ఈ కంప్యూటరే అని అర్థము. అప్పుడు ఆ కంప్యూటరులో పేజీ బాగుగనే యుండును గాని, ప్రక్క గదిలోని ఫోనులో తెరచినచో లంకెలన్నియు ఆ ఫోనులోనే వెదకికొని విఫలమగును. మేము రెండు దినములు ఇందులో చిక్కుకొంటిమి. కనుక ముందుగా రౌటరులో సర్వరు కంప్యూటరుకు మారని అంకె యొకటి, 192.168.1.10 వంటిది, కట్టుదిట్టము చేసి, ఆ అంకెతోనే విజార్డును తెరవవలెను.

విజార్డు అడుగు ప్రశ్నలు

వర్డ్‌ప్రెస్ మూటను విప్పి అపాచీవారి హెచ్‌టిడాక్స్ ఫోల్డరులో పెట్టిన పిమ్మట విజార్డు మొదట భాష అడుగును. భాషల పట్టికలో తెలుగు కూడ కలదు. పిదప అయిదు ప్రశ్నలు వచ్చును: డేటాబేసు పేరు, వాడువాని పేరు, తాళపు మాట, డేటాబేసు ఉండు చోటు, పట్టికల ముందు అక్షరములు. నాలుగవదానికి లోకల్‌హోస్టు అనియే జవాబు. డేటాబేసు అదే కంప్యూటరులో ఉన్నది గదా. అయిదవది దాని యిష్టమునకే వదలవచ్చును.

మొదటి మూడింటి విషయములో జాగ్రత్త వహింపవలెను. క్జాంపులో డేటాబేసు యజమాని పేరు రూట్. దానికి తాళపు మాటయే ఉండదు. తొందరలో చాలమంది రూట్ అని వ్రాసి, తాళము ఖాళీగా వదలుదురు. విజార్డు అభ్యంతరము చెప్పదు, పని నడచును. కాని అది బీరువా తలుపు తెరచియుంచి ఇంటికి పోవుటయే. ముందుగా పిహెచ్‌పి మైఅడ్మిన్ తెరచి, డిజైన్ల పనికి మాత్రమే ఒక క్రొత్త పేరు, గట్టి తాళపు మాట, అదే పేరుగల డేటాబేసు ఏర్పరచి, వాటినే విజార్డుకు ఇయ్యవలెను.

తరువాత పేజీ శీర్షిక, నిర్వాహకుని పేరు, తాళపు మాట, ఈమెయిలు అడుగును. ఈమెయిలు కార్యదర్శి సొంతది కాక సంఘముది కావలెను. కార్యదర్శులు మారుదురు, సంఘము నిలుచును.

విజార్డు అడుగని ప్రశ్నలు

మేము నష్టపోయినది విజార్డు అడిగిన వాటివలన కాదు, అడుగని వాటివలన. తాళపు మాటలు ఎవరియొద్ద ఉండవలెనని అది అడుగదు. సంఘపు మినిట్సు పుస్తకములో తీర్మానము వ్రాసి, మాటలను కవరులో పెట్టి సీలు వేసి, అధ్యక్షునియొద్ద ఒకటి, కోశాధికారియొద్ద ఒకటి ఉంచవలెను.

నకలు తీసితిరా అని అడుగదు. నకలు రెండు విధములుగా తీయవలెను: ఫోటోలున్న ఫోల్డరు ఒకటి, పిహెచ్‌పి మైఅడ్మిన్‌లోనుండి దింపుకొన్న డేటాబేసు మరియొకటి. ఫోటోలుండి డేటాబేసు లేకున్నచో, జాకార్డు అట్టలుండి వాటిని కుట్టిన వరుస తెలియనట్లగును. వారమునకొకసారి రెండింటిని వేరే డిస్కులోనికి తీసి, ఆ డిస్కును కార్యాలయములో గాక మరొక సభ్యుని ఇంట ఉంచవలెను.

వైఫై తాళము ఎవరికిచ్చితిరని అడుగదు. ఆ వైఫైలో ప్రవేశించినవాడు సర్వరు తలుపు తట్టగలడు. వచ్చిపోవు వ్యాపారులకు దానిని చెప్పరాదు.

సర్వరును బయటి లోకమునకు తెరచితిరా అనియు అడుగదు. రౌటరులో ద్వారము తీసి, ఇదే సర్వరును ఇంటర్నెట్టులోనికి పంపుదమని కొందరు యువకులు అందురు. అట్లు చేయరాదు. క్జాంపు తయారుచేసినవారే అది నేర్చుకొనుటకును, పరీక్షించుటకును ఉద్దేశించినదనియు, బహిరంగముగా నడుపుటకు కాదనియు చెప్పియున్నారు. అమ్మకపు పేజీకి వేరుగా బాడుగ సర్వరు తీసికొని, పేజీ పేరును సంఘము పేరనే రిజిస్టరు చేయించి, రసీదు ఫైలులో పెట్టి, గడువు తేదీని గోడ క్యాలెండరులో గుర్తు పెట్టుకొనవలెను.

తుదిమాట

మన యిండ్లలో కంప్యూటరు చదువుకొన్న పిల్లలు ఇప్పుడు తక్కువ కాదు. పైన చెప్పిన పని వారికి ఒక ఆదివారపు పని. సామాను వారిచేత పెట్టించుడు. కాని ప్రశ్నలకు జవాబులు మాత్రము పెద్దలు ప్రక్కన కూర్చుండి చెప్పుడు, వాటిని పుస్తకములో వ్రాయించుడు. మగ్గము ఎవరు బిగించినను, అచ్చు ఎవరు అతికినను, పడుగు లెక్క ఇంటి యజమానికి తెలిసియుండవలెను గదా. ఈ పని చేసిన సంఘములవారు తమ అనుభవములను, తమకు ఎదురైన చిక్కులను మాకు వ్రాసి పంపినచో రాబోవు సంచికలలో సంతోషముతో ప్రకటించెదము.